ముసలి టేకు, పడుచు అంకుడు

ఎగ్జిబిషన్లలో, హస్తకళల స్టాళ్లలో ఈమధ్య రెండు రంగుల చెక్క ఫ్లవర్ వాజులు తెగ కనిపిస్తున్నాయి. సగం గోధుమరంగు, సగం తెలుపు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ధర కూడా ముచ్చటగానే ఉంటుంది! కొనుక్కున్న అప్పచెల్లెళ్లు చాలామంది అనే మాట ఒకటే. "ఆరు నెలలు తిరక్కుండానే అతుకు దగ్గర విచ్చుకుపోయింది. మంచి జిగురు పెట్టలేదేమో!" అని. జిగురుని ఆడిపోసుకోవడం తేలికే గానీ, తప్పు చాలాసార్లు జిగురుది కాదు. ఆ సంగతే ఈ వారం చెప్పుకుందాం.

మా పక్కింటి పిన్నిగారు అలా విచ్చుకున్న వాజుని పట్టుకుని మా వడ్రంగి మేస్త్రి దగ్గరికి వెళుతుంటే నేనూ తోడు వెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఇది ఎలాగూ పనికిరాదు, కోసి చూపించమంటారా?" అన్నాడు. పిన్నిగారు ప్రాణం ఉసూరుమనిపించుకుని సరేనన్నారు. రంపంతో నిలువునా రెండుగా కోస్తే ఏముందనుకున్నారు? పైకి కుండలా కనిపించే వాజు లోపల ఒక అంగుళం గొట్టంలా బెజ్జం ఉందంతే. పొట్ట దగ్గర గోడ అంగుళంన్నర మందం. "ఇది వాజు కాదమ్మా, బెజ్జం పెట్టిన మొద్దు" అన్నాడాయన.

మందంగా ఉంటే గట్టిగా ఉంటుంది కదా అని మనకి అనిపిస్తుంది. చెక్క విషయంలో అది తిరకాసు. గుమ్మడి వడియాలు పెట్టినప్పుడు పెద్ద ముద్ద పెడితే ఏమవుతుంది? పైన ఎండి బిగుసుకుపోతుంది, లోపల చెమ్మ అలాగే ఉంటుంది. చెక్కా అంతే. పైపొర ముందు ఎండి కుంచించుకుంటుంది, లోపలి చెక్క ఇంకా తడితో ఉబ్బి ఉంటుంది. లాగులాటలో పైపొర చిట్లుతుంది. గోడ పల్చగా, అన్నిచోట్లా ఒకే మందంలో ఉంటే లోపలా బయటా కలిసి ఎండుతుంది, చిట్లే అవసరం ఉండదు. వాజుని లోపల తొలిచేది అందుకే. బరువు తగ్గడం ఒకటే కాదు, దాని ఆయుష్షు కూడా ఆ తొలచడంలోనే ఉంది.

పిన్నిగారి వాజులో ఇంకో లోపం కూడా బయటపడింది. చెక్కలో పొడుగ్గా కనిపించే సన్నటి గీతల్ని వడ్రంగులు నార అంటారు. కింది గోధుమరంగు ముక్కలో నార నిలువుగా ఉంది, పైన అతికించిన తెల్ల ముక్కలో అడ్డంగా ఉంది. ఆరేటప్పుడు చెక్క నార పొడవునా ఇంచుమించు తగ్గదు. అడ్డంగానే తగ్గుతుంది. అంటే కిందిది చుట్టూ కాస్త చిన్నదయింది, పైది ఒకవైపే చిన్నదయి కోడిగుడ్డులా తయారయింది. గుండ్రానికీ గుడ్డుకీ పొత్తెలా కుదురుతుంది? ఎంత మంచి జిగురైనా ఏం చేస్తుంది పాపం!

మరి సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. ఎందుకంటే నేనే ఒకటి చేయించాను. మా పుట్టింటి పాత ఇల్లు కూలగొట్టినప్పుడు మా అన్నయ్య సింహద్వారం పై కమ్మిని నాకు పంపించాడు. టేకుది. నాలుగంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం, మూడున్నర అడుగుల పొడవు. ఆ ఇంటి నుంచి మిగిలిన చెక్క అదొక్కటే. పండగ పండక్కీ మా అమ్మ మామిడి తోరణం కట్టిన కమ్మి అది. హైదరాబాదులో ఉంటున్న మా చెల్లెలికి దానిమీద నాకంటే ఎక్కువ మమకారం. దాని కొత్త ఇంటి గృహప్రవేశానికి ఆ చెక్కతో ఏదైనా చేయించి ఇవ్వాలనుకున్నాను. రెండోది తెద్దామంటే దొరికే చెక్క కాదు, చెడిపోతే చెడిపోయినట్టే.

టేకుకి జోడీగా మేస్త్రి అంకుడు చెప్పాడు. అంకుడు కర్ర అంటే మా అనకాపల్లి వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే కర్ర అదే. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఇంటింటా లేత్ మిషన్లే. తిరుగుతున్న కర్రకి లక్కపుల్ల ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది, పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల రంగులతో ఆ కళని నిలబెట్టిన చింతలపాటి వెంకటపతి రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఊరేగినవీ ఆ బొమ్మలే. మన అమ్మమ్మల కుంకుమ భరిణెలు చాలావరకు ఈ తరహా పనే. భరిణె అంటే ఏమిటి? లోపల తొలిచిన చిన్న వాజే కదా!

అంకుడు తెల్లగా, నున్నగా, ఏనుగు దంతంలా ఉంటుంది. నార సన్నం కాబట్టి ఉలికి మెత్తగా తెగుతుంది. టేకు పక్కన పెడితే పసుపు రాసిన కాలికి వెండి పట్టీ పెట్టినట్టుంటుంది.

అయితే పేచీ ఇక్కడే వచ్చింది. మా కమ్మి అరవై ఏళ్లు గుమ్మానికి ఉండి ఎండిపోయిన చెక్క. అంకుడేమో అప్పుడే కోసి తెచ్చిన పచ్చిది. "ముసలి టేకు ఇక తగ్గేది లేదమ్మా, పడుచు అంకుడు ఇంకా తగ్గాలి. ఇప్పుడు అతికిస్తే ఇది లాగుతుంది, అది రానంటుంది" అన్నాడు మేస్త్రి. నాకు వెంటనే అర్థమైంది, మీకూ అవుతుంది. చీరకి ఫాల్ కుట్టే ముందు ఫాల్‌ని నీళ్లలో నానబెట్టి ఆరేస్తాం. ఎందుకు? నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకులోనే ఫాల్ కుంచించుకుని అంచంతా ముడతలు పడుతుంది. చీర మంచిదే, ఫాల్ మంచిదే, దారమూ మంచిదే. కలిపిన వేళ మంచిది కాదు.

చెక్క ఆరిందో లేదో తెలుసుకోవడానికి మనింట్లోనే సాధనం ఉంది. వంటింటి తూకం మిషను! అంకుడు పలకని పావుతక్కువ అంగుళంన్నర మందంలో కోయించి, రెండు కొసలకీ కరిగించిన మైనం పూశాం. కొసల నుంచి చెమ్మ తొందరగా పోయి అక్కడ పగుళ్లు వస్తాయి, మైనం దాన్ని నిదానింపజేస్తుంది. నీడలో, గాలాడే చోట, కింద రెండు పుల్లలు పెట్టి ఉంచాలి. ఎండలో పెట్టకూడదు. ఇక ప్రతి ఆదివారం తూచి గోడ క్యాలెండరు మీద రాసేదాన్ని. కార్తీకంలో మొదటిరోజు 1 కిలో 180 గ్రాములు. మొదట్లో వారానికి ముప్పై, నలభై గ్రాములు తగ్గింది. తర్వాత పది, తర్వాత ఐదు. బరువు తగ్గడం ఆగితే గాలిలో ఉన్న చెమ్మకీ చెక్కలో ఉన్న చెమ్మకీ రాజీ కుదిరిందన్నమాట.

గృహప్రవేశం మాఘంలో పెట్టారు. అప్పటికింకా వారానికి నాలుగైదు గ్రాములు తగ్గుతూనే ఉంది. మావారు "నాలుగు గ్రాములకి కూడా లెక్కేమిటి, కానిచ్చేయ్" అన్నారు. మా వదిన ఫోన్ చేసి, "అందరూ వస్తారు, నువ్వు చీర ఒక్కటే పట్టుకెళ్తే ఏం బాగుంటుంది" అంది. నేను మేస్త్రిని అడిగాను. ఆయన సూటిగా, "చేసెయ్యమంటే చేసేస్తానమ్మా. ఆ రోజుకి బ్రహ్మాండంగా ఉంటుంది. ఉగాదికి ఉంటుందని మాత్రం నేను చెప్పను" అన్నాడు. చీరే పట్టుకెళ్లాను. చెల్లెలు ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. కాస్త బాధగానే అనిపించింది, ఒప్పుకుంటాను. చైత్రం రెండో వారానికి తూకం 810 దగ్గర ఆగింది. మూడు వారాలు అదే అంకె వచ్చాక పనిలోకి దిగాం.

పాత చెక్కతో పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. ఒకటి మేకులు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతంతో కమ్మిని అంగుళం అంగుళం తడిమితే ఏడు చోట్ల అంటుకుంది. అన్నీ తోరణం మేకులే, తలలు విరిగి లోపల ఉండిపోయినవి. గిర్రున తిరిగే చెక్కలో మేకు ఉండి ఉలి దానికి తగిలిందంటే ఉలి పోవడమే కాదు, ముక్క లేచి మనిషి మొహాన కొడుతుంది. రెండోది పాత రంగు. వెనకటి ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువ కలిపేవారు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మనదేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. కాబట్టి పాత తలుపుల్ని ఇంట్లో ఉప్పు కాగితం పెట్టి గీకవద్దు. ఆ పొడి పిల్లల నోట్లోకి వెళితే మెదడుకి హాని. పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో అసలే వద్దు. వడ్రంగికి కూడా రంగు ఉన్న సంగతి ముందే చెప్పండి.

కమ్మిలో మేకులు లేని జాగా అడుగు మేర దొరికింది. ఒక్క మేకు మాత్రం అంచున ఉంది, దాన్ని పీకేశాం. ఆ ముక్కని నిలువునా రెండు పలకలుగా కోసి, మధ్యలో అంగుళం మందానికి చిత్రిక పట్టిన అంకుడు పలక పెట్టారు. మన శాండ్‌విచ్ లాగా. మూడింటి నారా నిలువుగానే ఉంది. ఇలా పలక పక్కన పలక అతికిస్తే జిగురు గట్టిగా పడుతుంది. అదే కొస మీద కొస అతికిస్తే, కొసల్లో ఉండే సన్నటి గొట్టాలు జిగురుని స్ట్రాతో పీల్చినట్టు పీల్చేసుకుంటాయి, అతుకులో ఏమీ మిగలదు. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అందుకని చిత్రిక పట్టిన వెంటనే, ఆ పూటే, థిన్నరు గుడ్డతో తుడిచి ఫెవికాల్ పూసి క్లాంపులు బిగించారు. ఒక రోజంతా కదపలేదు.

ఇక తరిమెన పట్టడం. పాతవాళ్ల మాట అది, ఇప్పుడందరూ లేత్ మిషను అనే అంటున్నారు. దిమ్మె తిరుగుతుంటే ఉలి ఆనించి బయటి ఆకారం తీయడం చూడ్డానికి సరదాగా ఉంటుంది. పొట్టు రిబ్బన్లలా లేస్తుంది, పావుగంటలో నలుపలకల దిమ్మె కూజా అయిపోతుంది. చూసేవాళ్లు అక్కడితో పనయిపోయిందనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలు.

ముందు మూతి నుంచి నిట్టనిలువుగా బెజ్జం వేశారు, అడుగున అరంగుళం వదిలి. ఆ బెజ్జంలోంచి కొస వంగిన ఉలి దూర్చి పొట్ట లోపల తొలవాలి. కాకరకాయకి చిన్న గాటు పెట్టి, కాయ చినగకుండా గింజలన్నీ తీస్తామే, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ కాయ నిమిషానికి వందల చుట్లు తిరుగుతూ ఉంటుంది, లోపల ఏం జరుగుతోందో కనిపించదు. మేస్త్రి ఉలిని చూడనే లేదు. తల పక్కకి తిప్పి చెవి ఒగ్గి వింటున్నాడు. గోడ మందంగా ఉన్నప్పుడు బరువైన మోత, పల్చబడేకొద్దీ సన్నటి కూత. నిమిషానికోసారి మిషను ఆపి లోపలి పొట్టు దులిపేవాడు. పొట్టు నిండిపోతే ఉలి ఇరుక్కుని వాజు ముక్కలవుతుందట.

మొదటిసారి గోడని ముప్పావు అంగుళం ఉంచి ఆపేశాడు. ఎందుకంటే ఎంత ఎండిన చెక్కయినా లోపలి భాగం తీసేసరికి కాస్త అటూ ఇటూ కదులుతుంది. పైగా మాది సముద్రపు గాలి, ఎప్పుడూ చెమ్మే. హైదరాబాదు గాలి పొడిది. ఇక్కడ కుదిరింది అక్కడ కుదరకపోవచ్చు. కాగితం సంచిలో పెట్టి మా అన్నయ్య కొడుకు చేత హైదరాబాదు పంపించాం. వాడి గదిలో అటక మీద ఆరు వారాలు ఉంది, చెల్లెలికి తెలియకుండా. వెనక్కి వచ్చాక చూస్తే కంటికి ఆనీ ఆననంత కోలగా అయింది. మళ్లీ మిషనెక్కించి పైనా లోపలా సాపుచేసి, గోడని పావు అంగుళానికి తెచ్చారు. ఈసారి తొలిచేది తక్కువ, భయం ఎక్కువ. ఆ అరగంటా నేను బయట వేపచెట్టు కింద కూర్చున్నాను.

రెండు రంగులూ ఎంత అందంగా వచ్చాయో! పొట్ట దగ్గర ముందూ వెనకా అంగుళం వెడల్పు తెల్లచార, పక్కలంతా టేకు. పైకి పోయేకొద్దీ వాజు సన్నబడుతుంది గానీ అంకుడు పలక వెడల్పు తగ్గదు కదా, మెడ దగ్గరికి వచ్చేసరికి దాదాపు అంతా తెలుపే. ఎవరూ గీయని ముగ్గు అది. టేకు మీద ఒకచోట నల్లటి చుక్క మిగిలింది. అంచున ఉన్న మేకు చోటు. ఇనుముకీ చెక్కలోని వగరుకీ పడక అలా నల్లబడుతుంది. "పూడ్చి రంగు కలిపేయమంటారా?" అని మేస్త్రి అడిగాడు. వద్దన్నాను. శ్రావణంలో చెల్లెలు మా ఇంటికి వచ్చినప్పుడు ఇచ్చాను. అది వాజుని తిప్పి తిప్పి చూసి, ఆ చుక్క దగ్గర వేలు ఆపి, "తోరణం మేకు కదూ?" అంది.

మీలో ఎవరైనా కొనదలచుకుంటే కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి. మూతిలోంచి వేలు పెట్టి భుజం కింద తడమండి. లోపల కూడా పొట్ట వంపు తగిలితే నిజంగా తొలిచారని, నిట్టనిలువు గోడ తగిలితే వట్టి బెజ్జమని అర్థం. చేత్తో పట్టుకుంటే ఆకారానికి తగ్గ తేలిక ఉండాలి. అతుకు మీద గోరుతో అడ్డంగా గీస్తే మెట్టు తగలకూడదు. రెండు చెక్కల నారా ఒకే దిక్కుకి పోవాలి. కొందరు ఒకే చెక్కకి సగం రంగు వేసి రెండు చెక్కలని అమ్ముతున్నారు. మూతి లోపలి అంచు చూస్తే తెలిసిపోతుంది, అసలైతే ఆ రంగు లోపలికీ కొనసాగుతుంది. ఇవన్నీ చూసి బాగున్న వాజు దొరికితే దయచేసి గీచి గీచి బేరం ఆడకండి. మా వాజుకి చేతిపని రెండున్నర రోజులు, ఆరబెట్టడం ఏడెనిమిది నెలలు. బేరంలో మొదట తెగేది ఆరబెట్టే కాలమే.

చెక్క వాజులో నీళ్లు పోయకూడదు. తాజా పూలు పెట్టాలంటే లోపల పట్టే సన్నటి గాజు గొట్టం గానీ, మాత్రల ప్లాస్టిక్ సీసా గానీ దించి అందులో నీళ్లు పోయండి. రెల్లుపూలు, ఎండిన తామరకాయలైతే ఆ బాధే లేదు. ఏసీ గాలి నేరుగా తగిలేచోట, ఎండ పడే కిటికీలో పెట్టవద్దు. ఏడాదికి రెండుసార్లు తేనె మైనం పల్చగా రాసి మెత్తటి గుడ్డతో రుద్దితే చాలు. వంటింట్లో ఉంది కదా అని కొబ్బరినూనె, వేరుశనగ నూనె పూస్తుంటారు కొందరు. అవి ఆరవు. జిడ్డుపట్టి, దుమ్ము అంటుకుని, నాలుగు నెలలకి ముక్క వాసన వస్తుంది. అవిసె నూనె ఆరుతుంది కాబట్టి అది పనికొస్తుంది. కానీ ఆ నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి గుడ్డ తనంతట తనే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరుబయట తీగ మీద ఆరేసి, బాగా గట్టిపడ్డాక పారేయండి.

ఇంకొక్క మాట. వడ్రంగం చేసేవాళ్ల ఇళ్లలోనూ ఈ పత్రిక చదివే అక్కయ్యలు ఉన్నారు, మేస్త్రి భార్యే నాకు చెప్పింది. గట్టి చెక్కల పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. ముఖ్యంగా ముక్కు లోపల వచ్చే క్యాన్సర్. ఉప్పు కాగితం పట్టేటప్పుడు లేచే సన్నటి పొడే ఎక్కువ చెరుపు. భుజం మీద తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే ఆగదు, మెడికల్ షాపులో ఎన్-95 అని అడిగి తెచ్చివ్వండి. పనిబట్టలు వాకిట్లోనే దులిపి, ఇంట్లో బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి.

మిగిలిన టేకు కమ్మిలో మేకుల మధ్య రెండంగుళాల ముక్కలు మూడు వచ్చాయి. వాటితో కుంకుమ భరిణెలు చేస్తానన్నాడు మేస్త్రి. మూతలకి అంకుడు మళ్లీ తూకం మీద ఉంది.

వచ్చేవారం: ఇత్తడి బిందెల చిలుము, చింతపండు లేకుండా.